ఆరు సోమవారాలూ ఒక గురువారమూ

వెంట్రుక పిన్ని చూపు గురించి కాస్త తగ్గించి చెప్పడమే క్షేమం. ఉన్నదున్నట్టు చెబితే కోతలంటారు. పెళ్ళి కాకముందు ఆ వీధిలో ఎవరికి సూదిలో దారం ఎక్కకపోయినా ఆవిడ గుమ్మం ముందే నిలబడేవారు. ఆవిడ సూదిని చూసి, దారాన్ని చూసి, "ఇది ఎక్కదు, దారం లావు" అందంటే ఇక ఆ దారం ఎవరు తడిపినా, ఎంత నలిపినా ఎక్కేది కాదు. వీధి చివరి దర్జీ రోజుకు నాలుగుసార్లు సూది పట్టుకుని వచ్చేవాడు. ఆయన చూపు బాగానే ఉంది, సూది కన్నూ పెద్దదే. మరి ఎందుకొచ్చేవాడో వీధిలో కుక్కపిల్లలకు కూడా తెలుసు. ఏడాది తిరిగేసరికి ఆ దర్జీయే పిన్నికి మొగుడయ్యాడు. అప్పటినుంచి ఆయన సూదుల్లో దారం ఆయనే ఎక్కించుకుంటున్నాడు. అదీ చూపు మహిమే.

పిన్ని పనిచేసేది లోహాల పరిశోధనశాలలో. ఏ ఉక్కు ఎంత బరువు మోస్తుంది, ఎంత వేడికి మెత్తబడుతుంది, ఎన్నేళ్ళకు చేతులెత్తేస్తుంది అని తేల్చే చోటు అది. ఇరవై ఆరేళ్ళ కిందట పరికరాల మీద నూనె మరకలు తుడిచే పనికి చేరింది. చేరిన మూడో వారంలో ఒక ఇంజనీరుగారు ఏదో కడ్డీని కొలిచి, "వెంట్రుకవాసి తేడా ఉంది, పర్లేదులే" అన్నారు.

గుడ్డతో బల్ల తుడుస్తున్న పిన్ని తలెత్తింది. "ఎవరి వెంట్రుకండీ?"

ఇంజనీరుగారు నవ్వారు. పిన్ని నవ్వలేదు. తన తలలోంచి ఒకటి పీకి కొలిచే పరికరంలో పెట్టింది. డెబ్భై రెండు మైక్రాన్లు. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఇంజనీరుగారిది యాభై ఎనిమిది. కాపలాదారుడిది తొంభై ఒకటి, అది వెంట్రుక కాదు, చీపురుపుల్ల. పెద్ద సార్‌ది మాత్రం కొలవలేదు. ఆయన తలమీద మిగిలినవే వేళ్ళ మీద లెక్కపెట్టదగ్గన్ని, వాటిలో ఒకటి అడిగే ధైర్యం ఆ భవనంలో ఎవరికీ లేదు. "కాబట్టి వెంట్రుకవాసి అంటే ఎవరిదో చెప్పాలండీ" అని తేల్చి మళ్ళీ గుడ్డ అందుకుంది. ఆ వారమే ఆవిడకు పేరు పడింది, నెల తిరక్కముందే చేతిలో గుడ్డ పోయి రీడింగుల పుస్తకం వచ్చింది.

అప్పటినుంచి ఆవిడ సింహాసనం సాగుడు యంత్రం ముందున్న ఎత్తు పీట. ఆ యంత్రం చేసే పని చాలా తేలిక, బడికి మధ్యలో ఎగనామం పెట్టినవాళ్ళకు కూడా ఇట్టే అర్థమవుతుంది. ఒక ఉక్కు కడ్డీని పైనుంచి వేలాడదీస్తారు. కింది కొసకు బరువు కడతారు. చుట్టూ కరెంటు కొలిమి పెట్టి ఎర్రగా కాల్చి, అలాగే వారాల తరబడి వదిలేస్తారు. కడ్డీ సాగుతుంది. ఎంత నెమ్మదిగా సాగుతుందంటే, దానితో పోలిస్తే ప్రభుత్వ ఆఫీసులో ఫైలు గుర్రపు స్వారీ చేస్తున్నట్టే. ఆ సాగుడును కింద నేలమీద నిలబెట్టిన డయలు చూపిస్తుంది. ముల్లు ఒక గీత కదిలితే ఒక మైక్రాను. ఆదివారం తప్ప రోజూ పొద్దున్న తొమ్మిదింటికి పిన్ని ముల్లుకు ఎదురుగా కూర్చుని, ఊపిరి బిగబట్టి, అంకె చదివి, సిరాతో రాస్తుంది.

ఆ అంకెలు తిని బతికేవాడు గీతల బాబు. పెద్ద చదువులు చదివి వచ్చిన లెక్కల డాక్టరు. పిన్ని అంకెల్ని కంప్యూటరులో చుక్కలుగా పెట్టి, వాటి మీదుగా ఒక గీత గీసి, ఆరు వారాల సాగుడు చూసి ఇరవై ఏళ్ళ తర్వాత ఆ కడ్డీ ఎంత సాగి ఉంటుందో చెప్పేస్తాడు. జ్యోతిష్యం కాదు, గణితం. ఈసారి కడ్డీ మామూలుది కాదు. విద్యుత్ కేంద్రంలో ఆవిరి గొట్టాలను బిగించే బోల్టులకు వాడబోయే కొత్త ఉక్కు. ఆ బోల్టు సాగితే గొట్టం వదులవుతుంది, గొట్టం వదులైతే పక్కన నిలబడ్డ మనిషి ఉండడు. అందుకే దానిమీద బయటివాళ్ళతో ఒక కమిటీ వేశారు.

ముప్పై ఆరు రీడింగులు పూర్తయ్యాయి. కొలిమి ఆర్పేశారు. మూడో రోజున పెద్ద సార్ పిన్నిని గదిలోకి పిలిచారు. గీతల బాబు అప్పటికే అక్కడ కూర్చుని బూట్లు చూసుకుంటున్నాడు.

"అమ్మా, ఇరవై తొమ్మిది చుక్కలు గీత మీద ముత్యాల్లా కూర్చున్నాయి. ఏడు మాత్రం ఎగిరి పైన పడ్డాయి" అన్నారు పెద్ద సార్.

"ఎంత పైన సార్?"

"ముప్పై మైక్రాన్లు, అటూ ఇటూ" అన్నాడు గీతల బాబు. "పిన్నీ, మీరేమీ అనుకోకండి. కడ్డీ ఇవాళ ముప్పై సాగి, రేపు మళ్ళీ ముప్పై కుంచించుకుపోదు కదా. అది ఉక్కు, రబ్బరు కాదు. చదవడంలోనే ఎక్కడో..."

"నా కళ్ళంటావు."

బాబు బూట్లలోకి దూరిపోయేలా తల వంచాడు. పెద్ద సార్ రిపోర్టు కాగితం ఇటు తిప్పారు. 'చదివినవారి పొరపాటు' అన్న గడిలో ఏడు అని ఉంది. "ముప్పై ఆరులో ఏడంటే పరీక్షే చెల్లదమ్మా. కమిటీ పన్నెండు రోజుల్లో వస్తోంది. ఇది ఇలాగే వెళ్తే మిమ్మల్ని ఆ డయలు ముందు ఉంచలేను. స్టోరు గదిలో మరమేకులు లెక్కపెట్టే పని ఉంది, కళ్ళకు శ్రమ లేదు."

ఇరవై ఆరేళ్ళు మైక్రాన్లు చదివిన మనిషిని మరమేకులు లెక్కపెట్టమనడం అంటే ఏమిటో మాటల్లో చెప్పలేం. పిన్ని మాత్రం ఒక్కటే అంది. "తప్పు నాదైతే వెళ్తాను సార్. కానీ నాదో కాదో ముందు కొలవాలి."

ఆ సాయంత్రం ఇంట్లో దర్జీ ఎవరి చొక్కాకో కాలరు కుడుతున్నాడు. పిన్ని ఎదురుగా కూర్చుని ఒక సూది తీసి వెలుతురుకు పట్టి చూసింది. మిషను ఆగింది.

"ఏమోయ్, ఏమైంది?"

"ఏమండీ, నా చూపు తగ్గిందా?"

దర్జీ కళ్ళజోడు నుదుటి మీదకు తోశాడు. "నిన్న ఆ లాయరుగారి చొక్కా గుండీ రెండు పోగులు పక్కకు పోయిందని విప్పించి మళ్ళీ కుట్టించావు. నీ చూపు తగ్గితే ముందు సంతోషించేవాణ్ణి నేనే. ఆ అదృష్టం ఇంకా పట్టలేదు."

పిన్నికి నవ్వొచ్చింది. అయినా మొగుడి సాక్ష్యం కమిటీ ముందు చెల్లదు. మర్నాడే కళ్ళ డాక్టరు దగ్గర చూపు బాగుందని చీటీ రాయించుకుంది. ఆ తర్వాత మందం కచ్చితంగా తెలిసిన ఉక్కు దిమ్మల్ని డయలు కింద ఒక్కొక్కటిగా పెట్టి, గీతల బాబు చేత వాటి అంకెలు దాచిపెట్టించి, వంద సార్లు చదివింది. తొంభై తొమ్మిది సార్లు ఒక గీత లోపల. ఒక్కసారి ఒకటిన్నర.

"పిన్నీ, ఇది కన్ను కాదు, మైక్రోస్కోపు" అన్నాడు బాబు.

"మరి ఆ ఏడూ?"

ఇద్దరూ పుస్తకం తెరిచారు. ఎగిరిపడ్డ ఏడు రీడింగుల పక్కన తేదీలు, తేదీల పక్కన వారాలు. సోమవారం. సోమవారం. సోమవారం. గురువారం. మళ్ళీ మూడు సోమవారాలు.

"ఆదివారం విశ్రాంతి తీసుకుంటే సోమవారం కళ్ళు బాగుండాలి కదా, ఇదెక్కడి గోల!" అంది పిన్ని. భవనంలో అప్పటికే చెవులు కొరుక్కుంటున్నారు. ఆదివారం సినిమాలు చూసొచ్చి సోమవారం కునుకు తీస్తుందని ఒకరు, కాదు, ఆ రోజు పొరపాటున దర్జీ కళ్ళజోడు పెట్టుకుని వస్తుందని మరొకరు. గీతల బాబు సోమవారాల కరెంటు చూశాడు, గది వేడి చూశాడు. అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి.

తర్వాతి సోమవారం తొమ్మిదికి ఐదు నిమిషాల ముందు పిన్ని చేతులు కడుక్కోవడానికి కుళాయి తిప్పింది. నీళ్ళు ఒక్క ఉరుకున వచ్చి పళ్ళెంలో కొట్టుకుని ఆవిడ చీర కుచ్చిళ్ళు తడిపేశాయి. పిన్ని కుళాయి కట్టలేదు. అలాగే చూస్తూ నిలబడింది. మామూలు రోజుల్లో ఆ వేళకు ఆ కుళాయి చుక్కచుక్కగా కారుతుంది, సోమవారం మాత్రం ఇలా మీద పడుతుంది. ఇరవై ఆరేళ్ళుగా సోమవారం సోమవారం కుచ్చిళ్ళు తడుపుకుంటూనే ఉంది, ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

తడి చేతులతోనే యంత్రం గదిలోకి వెళ్ళి తల పైకెత్తింది. ఆ యంత్రం ఆ గదికి పొడుగు. పూర్వం ఎవరో మహానుభావుడు దాని కాళ్ళు కోసి, పై భాగాన్ని పైకప్పు దూలానికి బోల్టులతో బిగించేశాడు. కడ్డీ వేలాడేది ఆ పైకప్పు నుంచే. ఆ పైకప్పు మీద, సరిగ్గా దూలం నెత్తిన, పది టన్నుల నీళ్ళు పట్టే ట్యాంకు.

మోటారు గదిలో ట్యాంకు నింపే పంపు బాబాయి ఆవిణ్ణి చూసి బీడీ దాచేశాడు. "ఏంటమ్మాయీ, ఇలా వచ్చావు?"

"బాబాయ్, ట్యాంకు ఎప్పుడు నింపుతావు?"

"రోజూ పదింటికి మోటారేస్తా. శనివారం మాత్రం వెళ్ళేముందు నిండా పట్టి వెళ్తా. ఆదివారం వాడేవాడు లేడు, సోమవారం నిండుగా ఉంటుంది. ఏం, నీళ్ళు రావట్లేదా?"

"వస్తున్నాయి బాబాయ్. మీదకు వస్తున్నాయి."

సంగతి అదీ. మామూలు రోజుల్లో తొమ్మిదింటికి ట్యాంకు అడుగంటి ఉంటుంది. సోమవారం నిండుకుండ. నిండిన ట్యాంకు బరువుకు పైకప్పు పిసరంత కుంగుతుంది, దానికి వేలాడే కడ్డీ కొస కిందికి దిగుతుంది, నేలమీది డయలు దాన్ని సాగుడని చూపిస్తుంది. మంగళవారానికి నీళ్ళు అయిపోతాయి, పైకప్పు మళ్ళీ లేస్తుంది. కడ్డీ కుంచించుకుపోనూ లేదు, పిన్ని కునుకు తీయనూ లేదు. ఇన్నేళ్ళూ పాత కడ్డీలు మిల్లీమీటర్ల లెక్కన సాగేవి కాబట్టి ఈ పిసరు వాటిలో కలిసిపోయేది, ఈ కొత్త ఉక్కు అంత సాగదు కాబట్టి బయటపడింది. ముప్పై మైక్రాన్లంటే పిన్ని వెంట్రుకలో సగం కూడా కాదు. భవనం సగం వెంట్రుక ఒంగితే ఆవిడ చదివేసింది!

గీతల బాబు మొదట నమ్మలేదు. తర్వాత టేపు పట్టుకుని కప్పు పొడవు, వెడల్పు, మందం కొలిచి లెక్క కట్టాడు. కట్టాక నమ్మాడు. "టన్నుకు నాలుగు మైక్రాన్లు రావాలి పిన్నీ. అడుగు నీళ్ళకు రెండు టన్నులు. నాలుగడుగులు ఖాళీ చేస్తే ముప్పై రెండు."

"రావాలంటే చాలదు బాబూ. వచ్చిందో లేదో చూడాలి."

ఆ పరీక్ష వచ్చే సోమవారం, కమిటీకి సరిగ్గా ముందు రోజు జరిగింది. ఆ పరిశోధనశాల చరిత్రలో అంత జనం ఒకేసారి కుళాయిలు తిప్పిన రోజు లేదు. పంపు బాబాయి పైకెక్కి ట్యాంకు అడుగు వాల్వు తీశాడు, గొట్టం చెట్లలోకి వేశాడు. గుమాస్తాలు కడిగిన చేతులే మళ్ళీ మళ్ళీ కడిగారు. టీ కాచే ఆవిడ గిన్నెలన్నీ రెండుసార్లు తోమింది. కాపలాదారుడు తన సైకిలుతో మొదలుపెట్టి, ఎవరూ అడక్కుండానే పెద్ద సార్ కారు కూడా కడిగేశాడు. కింద చల్లారిన కడ్డీ ఇంకా అలాగే వేలాడుతోంది. డయలు ముందు పిన్ని, పక్కన కాగితంతో గీతల బాబు.

"అడుగు దిగింది!" పైనుంచి బాబాయి కేక.

"ఎనిమిది" అంది పిన్ని.

బాబు తన లెక్క పక్కన టిక్కు పెట్టాడు.

"రెండడుగులు!"

"పదహారు."

"మూడు!"

"ఇరవై మూడు."

నాలుగో కేకకు పిన్ని వెంటనే పలకలేదు. ముల్లు ఆగేదాకా ఆగింది. "ముప్పై రెండు."

గీతల బాబు కుర్చీలోంచి లేచి, ఏం చేయాలో తోచక, మళ్ళీ కూర్చున్నాడు. తలుపు దగ్గర పెద్ద సార్ నోరెళ్ళబెట్టి నిలబడ్డారు. పైన ఉత్సాహం పట్టలేక బాబాయి అటూ ఇటూ పచార్లు చేస్తుంటే ముల్లు కూడా కొద్దిగా అటూ ఇటూ అయింది. తన బరువుకు అర గీత కదిలిందని బాబాయి ఇప్పటికీ చెప్పుకుంటాడు. మూడో వంతేనని పిన్ని. ఈ విషయంలో ఇద్దరికీ రాజీ లేదు.

మధ్యాహ్నం బాబు ఆ కుంగుడును లెక్కలోంచి తీసేసి మళ్ళీ గీత గీశాడు. ఆరు సోమవారాలూ చెప్పినమాట వినే పిల్లల్లా వచ్చి గీత మీద కూర్చున్నాయి. గురువారం మాత్రం పైనే నిలబడింది.

"దానికి ముందు బుధవారం సెలవేమో చూడండి పిన్నీ. సెలవైతే ట్యాంకు నిండే ఉంటుంది."

పంపు బాబాయి ఏ రోజుకారోజు నీటి మట్టం మోటారు గది గోడ మీద సుద్దముక్కతో గీస్తాడు. ముగ్గురూ అక్కడికి వెళ్ళారు. బుధవారం సెలవు కాదు. గురువారం పొద్దున గీత అట్టడుగున ఉంది. ఒక్క అడుగు నీళ్ళు.

బాబాయే ముందు గొంతు సవరించుకున్నాడు. "సుద్దే కదమ్మాయీ. చేత్తో తుడిచి పైన గీస్తే పోలా? నా గోడ, నా గీత. ఎవడొచ్చి అడుగుతాడు?"

గీతల బాబు కూడా మెల్లగా అందుకున్నాడు. "పిన్నీ, ఒక్కటే కదా. ఆరు నిజంగానే ట్యాంకువి. ఏడోది కూడా అందులో కలిపేస్తే గడిలో సున్నా ఉంటుంది. సున్నా ఉంటే మిమ్మల్ని ఎవరూ కదపలేరు."

పిన్ని గోడ వంకే చూస్తోంది. సున్నా. ఇరవై ఆరేళ్ళ పనికి ఎంత అందమైన అంకె! ఆవిడకు ఆశ పుట్టలేదంటే అది అబద్ధం. పుట్టింది. సుద్దముక్క చేతికందే దూరంలోనే ఉంది కూడా.

"బాబాయ్, నీ గోడ ముట్టుకున్నావంటే ఊరుకోను" అంది చివరికి. "ఆ గీత అబద్ధమైతే మిగతా ఆరు గీతలకూ సాక్ష్యం ఎవరు? గురువారం నాదే."

మర్నాడు కమిటీ కూర్చుంది. ముగ్గురు సభ్యులు, వాళ్ళలో పెద్ద ఒక తెల్లజుట్టు ఇంజనీరమ్మ. ఆవిడ ఎదుట అబద్ధమాడిన అంకె బతికి బయటపడదని పేరు. ట్యాంకు కథ విని మిగతా ఇద్దరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. బాబు లెక్క కాగితం అడిగి, గీతగీతకూ వేలు పెట్టి చదివి, పక్కన పెట్టింది.

"ఆరు ఒప్పుకుంటున్నాను. ఈ గురువారం సంగతేమిటి? ఎవరు చదివారు?"

గోడ పక్కన కుర్చీలో ఉన్న పిన్ని లేచి నిలబడింది. "నేనేనండీ. డెబ్భై నాలుగు అని రాశాను. తప్పు చదివాను."

"అసలు ఎంత అయ్యుంటుంది?"

"నలభై ఏడు అయ్యుంటుందని నా అనుమానం. అంకెలు తారుమారు చేసి ఉంటాను."

ఇంజనీరమ్మ బాబు గీత మీద వేలు పెట్టింది. "నలభై ఏడైతే సరిగ్గా ఇక్కడ కూర్చుంటుంది. దిద్దేయొచ్చుగా?"

పెద్ద సార్ ఆశగా ముందుకు వంగారు. పిన్ని తల అడ్డంగా ఊపింది.

"గీత మీద కూర్చుంటుందని తెలిశాక నలభై ఏడని రాస్తే, అది నా కన్ను చదివింది కాదండీ, ఈ బాబు గీత చదివింది. అనుమానాన్ని అంకెగా రాయను. దాన్ని లెక్కలోంచి తీసేయండి. తీసేశారని, తప్పు నాదని రాయండి."

ఇంజనీరమ్మ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. "నేను చాలా ల్యాబులు చూశాను. ఏ పుస్తకం తెరిచినా తప్పులుండవు. తప్పుల్లేని పుస్తకం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎన్ని దిద్దారో తెలీదు కదా. ఈ పుస్తకంలో ఒకటి తప్పని మీరే చూపించారు. మిగతా ముప్పై ఐదునూ నేను కళ్ళు మూసుకుని తీసుకుంటాను. బోల్టుల ఉక్కు లెక్క వీటిమీదే కట్టండి."

రిపోర్టు అక్కడికక్కడే తిరగరాశారు. 'చదివినవారి పొరపాటు' గడిలో ఏడు పోయి ఒకటి వచ్చింది. పైకప్పు కుంగుడుకు కొత్తగా ఒక గడి పుట్టింది. కింద సంతకం పెట్టమని కాగితం పిన్ని ముందుకు తోశారు. ఆవిడ ముప్పై ఐదు ఒప్పుల్నీ ఒక తప్పునీ మళ్ళీ మొదటినుంచి చదువుకుని, అన్నిటికీ కలిపి ఒక్క సంతకం పెట్టింది. పేరు పూర్తిగా, పొల్లు కూడా పోకుండా. ఆ అక్షరాలు ఎంత తిన్నగా ఉన్నాయంటే గీతల బాబు వాటికి స్కేలు పెట్టి చూశాడు. ఇది కోత కాదు, నిజంగానే పెట్టాడు, ఇంజనీరమ్మ చేత చీవాట్లు తిన్నాడు.

బయటికొచ్చాక పెద్ద సార్ వరండాలో పిన్ని పక్కనే నడిచారు. "అమ్మా... ఆ స్టోరు గది సంగతి నేనేదో..." అని నీళ్ళు నమిలారు.

"దానికేంలెండి సార్. ఆ యంత్రానికి ముందు కాళ్ళు పెట్టించండి. పైకప్పుకు వేలాడదీసి కొలవడమేమిటి, నలుగురూ నవ్విపోతారు."

"రేపే చెబుతాను."

"పెట్టించాక కొత్త కడ్డీ ఎక్కిద్దాం. డయలు సున్నా నేనే పెడతాను" అంది పిన్ని. అని, ఆయన 'సరే' కోసం ఆగకుండానే, యంత్రం గది తాళం చేతిలో పట్టుకుని ముందుకు నడిచింది.